మీరెన్ని చేశారు డాక్టరుగారూ?

"ఒరేయ్ అబ్బాయ్... ఆ మర ముందే నేర్చుకుని వస్తుందా, నామీద నేర్చుకుంటుందా?"

అప్పనపల్లి నుంచి మా పెదనాన్న ఫోన్లో అడిగిన ప్రశ్న ఇది. ఏళ్ల తరబడి ఇలాంటి విషయాల మీదే రాస్తున్న నాకు టక్కున జవాబు తోచలేదు.

పెదనాన్నకి అరవయ్యారేళ్లు. వైనతేయ గట్టు దగ్గర రెండెకరాల కొబ్బరితోట, ఓ పాడిగేదె... అదే ఆయన లోకం. రాత్రుళ్లు నాలుగైదుసార్లు లేవాల్సి వస్తోందని అమలాపురంలో చూపించుకున్నారు. వయసుతో వచ్చే వాపేనేమో అనుకున్నాం. రక్తపరీక్షలో పీఎస్‌ఏ ఎక్కువొచ్చింది. ముక్క తీసి పరీక్షిస్తే ప్రోస్టేటు క్యాన్సరని తేలింది. అదృష్టం కొద్దీ గ్రంథి దాటి పాకలేదు. హైదరాబాద్‌లో మేం కలిసిన డాక్టరుగారు గ్రంథిని తీసేద్దామన్నారు. "రోబోతో చేద్దాం. మా దగ్గరికి ఈమధ్యే కొత్త మిషనొచ్చింది. దాంతో అయితే మీకు ఖర్చు కూడా కొంత కలిసొస్తుంది" అని చెప్పారు.

చిక్కంతా అక్కడే వచ్చింది. అందులో నా తప్పూ ఉంది.

కొన్నేళ్ల కిందట 'రోబో డాక్టరొచ్చాడు' అంటూ నేనో వ్యాసం రాశాను. రక్తం పోదు, నొప్పి తెలీదు, మర చెయ్యి వణకదు అని ఊదరగొట్టాను. దాన్ని పెదనాన్న కత్తిరించి పంచాంగంలో దాచుకున్నారు. ఇప్పుడదే తీసి నన్ను నిలదీశారు. "మర చెయ్యి వణకదని నువ్వే రాశావు కదరా. మరి పక్కన డాక్టరెందుకు?"

పైగా ఆయన 1995 జనవరిలో పక్కనే పాశర్లపూడిలో గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండటం కళ్లారా చూసిన మనిషి. 'మిషను కదా, ఏం కాదు' అంటే ఆయన దగ్గర చెల్లదు.

సరే, ఈసారి బ్రోషర్లు చదివి కాకుండా చూసి తెలుసుకుందామనుకున్నాను. డాక్టరుగారిని అడిగితే సాధన చేసే మిషను ముందు కూర్చోబెట్టారు. రెండు కంటిగాజుల్లోంచి చూస్తే లోపలంతా లోతుతో సహా కనిపిస్తోంది. వేళ్లకి తగిలించుకున్న పట్టీలు కదిపితే తెర మీది చిన్న పట్టకార్లు మణికట్టులా తిరుగుతున్నాయి. నా చేతి వణుకు నిజంగానే వాటికి అందలేదు. కానీ చిన్న రింగుని పుల్లకి తగిలించమంటే అయిదు నిమిషాల్లో ఆరుసార్లు జారవిడిచాను! అప్పుడర్థమైంది. రోబో అని పేరేగానీ తనంతట తాను అంగుళం కూడా కదలదు. ఆ చేతులు సర్జనువి. మర వాటిని లోపలికి చేరవేస్తుందంతే.

ఇంటికొచ్చి చదవడం మొదలెట్టాను. 2000లో అమెరికా ప్రభుత్వ అనుమతి పొందిన డా విన్సీ మిషనే చాలాకాలం ఈ రంగాన్ని ఏలింది. 2001లో మన తెలుగువాడు రాజ్ వట్టికూటి ఇచ్చిన భారీ విరాళంతో డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆస్పత్రిలో వట్టికూటి యూరాలజీ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. డాక్టర్ మణి మీనన్ ప్రోస్టేటుకు రోబో ఆపరేషన్‌ని ఒక పద్ధతిగా తీర్చిదిద్దింది అక్కడే. ఇప్పుడు పోటీగా కొత్త మిషన్లొస్తున్నాయి. వెర్సియస్‌ని తొలిసారి మనుషుల మీద పరీక్షించింది మన పుణెలోనే. పిత్తాశయం, గర్భసంచి ఆపరేషన్లతో కలిపి మొత్తం 30 మందికి చేశారు. హ్యూగో 2021లో చిలీలో మొదలై అదే ఏడాది చెన్నై అపోలోకొచ్చింది. అమెరికాలో దాన్ని ప్రోస్టేటు, మూత్రపిండం, మూత్రాశయం ఆపరేషన్లలో 137 మంది మీద పరీక్షించారు. గురుగ్రామ్‌లో తయారైన మంత్ర కూడా బరిలో ఉంది.

మరి రోబోతో చేస్తే ఫలితం నిజంగా మెరుగ్గా ఉంటుందా? నా పాత వ్యాసంలో నేను అడగని ప్రశ్న ఇదే.

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో 326 మందిని రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకి కోత పెట్టి, మరో గుంపుకి రోబోతో ప్రోస్టేటు తీసేశారు. ఆ ఫలితాలు 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. రోబోతో రక్తం తక్కువ పోయింది. కానీ పన్నెండు వారాలకి మూత్రం మీద పట్టులోగానీ, దాంపత్య జీవితంలోగానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇందులో నన్ను ఆపేసిన సంగతొకటుంది. కోత పెట్టిన సర్జన్‌కి అంతకుముందే 1,500కి పైగా ఆపరేషన్ల అనుభవం, రోబో సర్జన్‌కి 200. పేగుల సంగతీ అంతే. పది దేశాల్లో 471 మంది మలాశయ క్యాన్సర్ రోగుల మీద జరిగిన అధ్యయనం 2017లో వెలువడింది. మధ్యలో ఆపి పెద్ద కోత పెట్టాల్సి రావడం మామూలు ల్యాపరోస్కోపీలో 12.2 శాతం, రోబోతో 8.1 శాతం. ఆ తేడా కాకతాళీయం కూడా కావచ్చని అధ్యయనం చేసినవాళ్లే చెప్పారు.

అంటే మిషను ఏదన్నది ఒక్కటే కాదు, దాని ముందు ఎవరు కూర్చుంటున్నారన్నది కూడా అడగాలన్నమాట.

ఇదంతా చెబితే పెదనాన్న నవ్వారు. "ఈమాత్రం దానికి అన్ని పుస్తకాలెందుకురా? మన ఊళ్లోకి కొబ్బరిచెట్టెక్కే మిషనొచ్చింది. కొత్త కుర్రాడు సగం చెట్టు మీద ఆగిపోయి కేకలేశాడు. ముప్ఫై ఏళ్లుగా దింపు తీస్తున్నవాడు నాలుగు చెట్ల మీద తడబడి, అయిదో చెట్టు చకచకా ఎక్కేశాడు. పద, డాక్టర్నే అడుగుదాం."

ఆస్పత్రి గదిలో ఆయన తువ్వాలు భుజాన సర్దుకుని సూటిగానే అడిగారు. "మీరెన్ని చేశారు డాక్టరుగారూ?"

డాక్టరుగారు ఒక్క క్షణం ఆగారు. "పాత మిషను మీద మూడొందలకి పైనే. ఈ కొత్తదాని మీద పదకొండు."

"పన్నెండోవాణ్ణి నేనన్నమాట. తేడా వస్తే?"

"ఆపేసి కోత పెట్టి పూర్తిచేస్తాను. ఆ చెయ్యి కూడా నాకలవాటే. వద్దంటే పాత మిషను మీదే చేస్తాను. మీ ఇష్టం."

నేనూ అడిగాను. ఇది అనుమతి వచ్చిన మిషనా, ఇంకా ప్రయోగ దశలో ఉందా అని. రెంటికీ చాలా తేడా ఉంది. ప్రయోగమైతే ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉండాలి. వివరాలన్నీ చెప్పి సంతకం తీసుకోవాలి. ఎప్పుడు వద్దనుకున్నా తప్పుకునే హక్కు రోగికుంటుంది. ఇది అనుమతి వచ్చినదేనని కాగితాలు చూపించారు.

బయటికొచ్చాక నేను పాత మిషనే మేలన్నాను. పెదనాన్న చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "పదకొండని చెప్పాడు చూడు... వంద అన్నా మనకి తెలిసేది కాదు. లెక్క దాచనివాడు కత్తి కూడా జాగ్రత్తగానే పడతాడు. కొత్తదాని మీదే చేయించుకుంటాను. మీ పెద్దమ్మకి మాత్రం పన్నెండోవాణ్ణని చెప్పకు" అన్నారు.

ఆపరేషను సవ్యంగా జరిగింది. మూడోరోజు ఇంటికి పంపారు. కానీ ఆ తర్వాతి కథ నా పాత వ్యాసంలో లేదు. గొట్టం తీశాక మూత్రం మీద పట్టు రావడానికి నాలుగు నెలలు పట్టింది. అన్నాళ్లూ ప్యాడ్లే దిక్కు. దగ్గొచ్చినా భయమే. మేనకోడలి పెళ్లికి వెళ్లకుండా ఇంట్లోనే ఉండిపోయారు. బాల బాలాజీ గుడి పక్కనే ఉన్నా, పూర్తిగా కుదుటపడేదాకా లోపలికి అడుగుపెట్టలేదు.

మొన్న అప్పనపల్లి వెళితే పంచాంగంలోంచి ఆ పేపరు ముక్క తీసి నా చేతిలో పెట్టారు.

"పక్కింటాయన అల్లుడికి పిత్తాశయంలో రాళ్లట. వాళ్లకీ రోబో అంటున్నారట. ఇది ఇద్దామనుకుంటున్నాను. కానీ నువ్వప్పుడు రాయకుండా వదిలేసింది ఇప్పుడు రాసివ్వు."

జేబులోంచి పెన్ను తీసి, అంచున మిగిలిన కాస్త జాగాలో ఒక్క వాక్యం రాశాను. మీరెన్ని చేశారని డాక్టరుగారిని అడగండి.