చిన్నమ్మ జీతం

మా చిన్నమ్మ నర్సు. 2017 నవంబరులో చెన్నై తేనాంపేట డీఎంఎస్ ఆవరణలో కాంట్రాక్టు నర్సులు సమ్మెకు కూర్చున్నప్పుడు తనూ వెళ్ళింది. పరీక్ష రాసి చేరినవాళ్ళకు నెలకు 7,700 రూపాయలు! రెండేళ్ళకు పర్మనెంటు అన్న మాట నమ్ముకున్నారు.

"రోగుల్ని వదిలేసి రోడ్డెక్కడమేంటి?" అని అప్పా తమిళంలో విసుక్కున్నారు. అమ్మ తెలుగులోనే అంది, "రాత్రంతా వార్డుకి అదొక్కతే ఉన్నప్పుడు ఎవరూ అడగలేదే!" మా ఇంట్లో కోపం ఎవరి భాషలో వాళ్ళకే వస్తుంది. నేను మాత్రం అప్పా పక్షమే. నా కొత్త స్కూలు బ్యాగు ఆ 7,700లోంచే వచ్చిందని అప్పుడు తెలీదు.

హైకోర్టు సమ్మె ఆపమంది. చిన్నమ్మ తిరిగొచ్చి, వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, "రేపు మార్నింగ్ డ్యూటీ, నాలుగింటికి లేపక్కా" అంది.