ఐదక్షరాల ఫాంటు

పోయిన ఎండాకాలం పటాన్‌చెరులో మా పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే సజ్జ మీద నాన్న ఎల్పీ రికార్డులు దొరికాయి. ఫ్యాక్టరీలో సెకండ్ షిఫ్టు చేసొచ్చి, అర్ధరాత్రి సౌండు తగ్గించి వినేవాడాయన. ప్లేయరు ఎప్పుడో పాత సామాన్లవాడికి పోయింది. వినే దారి లేక అట్టలు చూస్తూ కూర్చున్నా. ఒకదాని మీద లావుపాటి కుంచెరాతతో "భక్తి గీతాలు" అని ఉంది. ఆ భ పొట్ట చూస్తే అప్పుడే భోంచేసి లేచినట్టుంది :) దీన్ని ఫాంటు చేసేద్దాం అనుకున్నా. రెండు వీకెండ్లు చాలు అని ఎస్టిమేటు కూడా వేశా. (మన ఎస్టిమేట్ల సంగతి మీకు తెలిసిందే.)

12 అంగుళాల అట్ట ఏ4 స్కానర్లో పట్టదు. రెండు ముక్కలుగా స్కాన్ చేసి అతికించా. ఫాంట్‌ఫోర్జ్‌లో ఆటోట్రేస్ కొడితే అంచుల నిండా వందల పాయింట్లు. అన్నీ చెరిపేసి చేత్తో గీసుకున్నా.

అసలు చిక్కు ఆ తర్వాత. అట్ట మీదున్నది ఫాంటు కాదు కదా, ఎవరో ఆ రెండు మాటల కోసమే రాసిన రాత. భ, క్తి, గీ, తా, లు. అంతే. ఇంగ్లీషుకైతే పెద్దవీ చిన్నవీ కలిపి 52 గీస్తే సగం పని అయినట్టే. మనకి గుణింతాలు, ఒత్తులు కలిపితే వందల ఆకారాలు. భ లోంచి బ, గీ లోంచి గ లాగొచ్చు. ప, వ, మ ఎక్కణ్ణించి తేను? ఇంకో తమాషా, ఈ ఐదింటిలో తలకట్టు ఉన్నది భ ఒక్కదానికే! మూడింటికి గుడి, దీర్ఘం వచ్చి తలకట్టుని తినేశాయి, ల కి ఎలాగూ లేదు. తెలుగులో ఎక్కడ చూసినా కనపడే గీతకి ఒక్కటే శాంపిలు. దాన్నే కాపీ పేస్ట్ చేసి అన్నిటికీ తగిలించా.

సంగారెడ్డిలో నాన్నకి తెలిసిన బోర్డు పెయింటర్ ఒకాయన ఉన్నాడు. ఫ్లెక్సీలొచ్చాక కుంచె పక్కన పెట్టేశాడు. ఇప్పుడు కొడుకే ఫ్లెక్సీ షాపు నడుపుతున్నాడు, ఈయన కౌంటర్లో కూర్చుంటాడు. లాప్‌టాప్ తీసి చూపించా.

"గిదేంది బిడ్డా, అన్నిటికి ఒక్కటే తలకట్టు వెట్టినవ్? పక్కన ఏ అచ్చరం ఉన్నదో సూశి రాస్తం గదా."

పాత పేపరు మీద ప రాశాడు. బాగుంది కాకా, ఇట్లాంటిదే ఇంకోటి అంటే ఇంకోటి రాశాడు. అది వేరేలా వచ్చింది. నాలుగో ప దాకా నేను అడుగుతూనే ఉన్నా, ఆయన మార్చి రాస్తూనే ఉన్నాడు. చివరికి ఫాంటునే మార్చుకున్నా: రెండు ప లు, మూడు రకాల తలకట్లు, పక్క అక్షరాన్ని బట్టి ఏది రావాలో ఓపెన్‌టైప్ రూల్సు.

విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో గౌతమి, పోతన తప్ప పెద్దగా గతి లేదు మనకి. ఇవాళ గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, ధూర్జటి లాంటివి ఉచితంగా దొరుకుతున్నాయి. బాపు రాతకీ ఫాంట్లొచ్చాయి, అది బాపు రాత అని లోకానికంతా తెలుసు గనక. నా అట్ట మీద పాడినవాళ్ల పేర్లున్నాయి, కంపెనీ పేరుంది. రాసిన చేతి పేరు లేదు. ఫాంటు వివరాల్లో డిజైనర్ అని ఒక గడి ఉంటుంది. నీ పేరు పెడతా కాకా అన్నా.

"నాదెందుకు? ఆయన రాసిండు, నేను అతుకులేశిన."

ఆ "ఆయన" ఎవరో తెలియకుండా ఓపెన్ లైసెన్సు పెట్టి జనం మీదకి వదలడానికి నాకూ చెయ్యి రావట్లేదు. గడి ఖాళీగానే ఉంది, ఫాంటు నా లాప్‌టాప్‌లోనే ఉంది.

ఆ రోజు మేం ఇలా మాట్లాడుకుంటుంటే కొడుకు మెషీన్ దగ్గర్నుంచి వచ్చి తొంగి చూశాడు. "అన్నా, ఇది కోరల్‌డ్రాల నడుస్తదా? మస్తుగున్నది. బ్యానర్లకు వాడుకుంట."

కాక కొడుకు వంక చూశాడు, గోడకి ఆనించిన ఫ్లెక్సీ చుట్టల వంక చూశాడు. ఏమీ అనలేదు. పేపరు రెండో వైపు తిప్పి, మ రాయడం మొదలుపెట్టాడు.