సూర్యుడు అస్తమించని రేవుకు

శామీర్‌పేట చెరువుకట్టకు సమీపంలో నివసించే ఒక విశ్రాంత గణితోపాధ్యాయుని గృహంలో గత మాఘమాసం నుంచి ఒక యాత్రాప్రయత్నం సాగుతున్నది. స్టాక్‌హోమ్‌లో ఉద్యోగం చేస్తున్న కుమారుడు తల్లిదండ్రులను రమ్మని పిలిచాడు. పిలుపు అందగానే గృహిణి ఒకే ఒక కోరిక కోరింది. అక్కడి నుంచి నార్వే దేశపు నార్విక్ రేవుకు వెళ్లే రైలు ఎక్కాలి, కుడివైపు కిటికీ దగ్గర కూర్చోవాలి.

ఆ కోరికకు మూలం ఆమె పుట్టినిల్లయిన విశాఖపట్నంలో ఉన్నది. బాల్యంలో తండ్రి వెంట కొత్తవలస–కిరండూల్ మార్గంలో అరకు దాకా వెళ్లివచ్చింది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపటానికి 1960ల దశకంలో తూర్పు కనుమలను తొలిచి వేసిన దారి అది. సొరంగాలు యాభైకి పైనే. శిమిలిగూడ వద్ద పట్టాలు సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తును అందుకుంటాయి. తిరుగు ప్రయాణంలో కొండలన్నీ వెనుకబడి, చీకటి పడుతుండగా ఉప్పుగాలి పెట్టెలోకి వచ్చిన క్షణాన్ని ఆమె ఇప్పటికీ నిన్నటి సంగతిలా చెబుతుంది. నార్విక్ మార్గం కూడా ఖనిజం కోసం పుట్టినదే. కిరునా గనుల ఇనుమును శీతకాలంలోనూ గడ్డకట్టని రేవుకు చేర్చాలని స్వీడన్ నుంచి పర్వతాలు దాటించి నార్వే తీరానికి పట్టాలు వేశారు. 1903లో రెండవ ఆస్కార్ రాజు దానిని ప్రారంభించాడు. సాయంకాలం స్టాక్‌హోమ్‌లో ఎక్కితే రాత్రంతా అరణ్యాలు. మర్నాడు ధ్రువవృత్తం దాటాక టోర్నెట్రెస్క్ అనే మహాసరస్సు. సరిహద్దు నుంచి నలభై కిలోమీటర్లకు కొంచెం పైబడిన దూరంలో సుమారు 500 మీటర్లు దిగి, కొండల నడుమకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ వెంబడి రేవుకు చేరుతుంది. ఇనుము కోసం తొలిచిన దారులే మనుషులకు ఇంతటి రమణీయతను చూపటం విచిత్రం.

భర్తకు వచ్చిన చిక్కు వేరు. కుమారునికి సెలవు దొరికేది జూన్‌లో మాత్రమే. పరాభవ నామ సంవత్సరంలో అధిక జ్యేష్ఠం జూన్ 15తో ముగుస్తుంది కనుక, నిజ జ్యేష్ఠం ప్రవేశించాక ప్రయాణం పెట్టుకోవచ్చునని ఇంటివారందరూ సంతోషించారు. గణితోపాధ్యాయుడు మాత్రం అక్షాంశాలు చూశాడు. నార్విక్ 68 డిగ్రీల ఉత్తరాన ఉన్నది. మే చివరి నుంచి జూలై మధ్య వరకు అక్కడ సూర్యుడు అస్తమించడు. అర్ధరాత్రి వేళ ఉత్తర దిక్కున నిలిచి ఉంటాడు.

తొమ్మిదో ఏట ఉపనయనమైన నాటి నుంచి, అరవై ఎనిమిదేళ్ల నేటి వరకు ఆయన సంధ్య తప్పినవాడు కాడు. బడిలో పనిచేసిన రోజులలో మాధ్యాహ్నికాన్ని ఉపాధ్యాయుల గదిలో ఒక మూల నిలబడి చేసుకునేవాడు. అహోరాత్రాల సంధిలో చేసేది సంధ్య. సంధియే లేని చోట సాయంకాలార్ఘ్యం ఎప్పుడు ఇవ్వాలి? ఏ దిక్కుకు ఇవ్వాలి?

మన శాస్త్రాలు ఈ స్థితిని ఎరుగనివి కావు. సూర్యసిద్ధాంతం మేరువును ఉత్తర ధ్రువంలో నిలిపి, అక్కడి దేవతలకు ఆరు నెలలు పగలు, ఆరు నెలలు రాత్రి అని లెక్క చెప్పింది. జూన్‌లో నార్విక్ వెళ్లటమంటే దేవతల పగటిలోకి కొంత దూరం నడవటమే. ఛాందోగ్యంలోని మధువిద్య ఇంకొక మెట్టు పైకి వెళ్లి, బ్రహ్మోపనిషత్తును ఎరిగినవానికి సూర్యుడు ఉదయించడు, అస్తమించడు, సర్వదా పగలే అని చెబుతుంది. జ్ఞానికి చెప్పిన ఆ పగలు, ఏ జ్ఞానమూ అవసరం లేకుండానే, ఒక రైలు టికెట్టుతో కళ్లకు కనబడబోతున్నది! ఆ రెంటికీ గల అంతరం మాస్టారుకు తెలుసు. తెలిసినా ఆ వాక్యం దగ్గరే ఆయన రెండు రోజులు ఆగిపోయాడు.

ఆ పైన ఆయన గణితం పని చేయటం మొదలుపెట్టింది. సెప్టెంబరు విషువత్తు వేళ భూమి మీద అంతటా పగలూ రాత్రీ దాదాపు సమానం. వినాయక చవితికీ మహాలయ పక్షానికీ మధ్య ఈ ఏడు సరిగ్గా ఆ రోజులు పడుతున్నాయి. సాయంసంధ్య స్టాక్‌హోమ్ దాటిన కొద్దిసేపటికి, ప్రాతఃసంధ్య ధ్రువవృత్తానికి చేరువలో, మాధ్యాహ్నికం కొండల మధ్య. ఎంత చక్కగా అమరిందో! ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రను ముందు పెట్టుకొని ఆయన ఒక నోటుపుస్తకంలో గడులు గీశాడు. 1830 మే 18న చెన్నపట్నం విడిచిన ఆ యాత్రికుడు హైదరాబాదు నుంచి నాగపూరు బాట పట్టాడు. నేటి నాగపూరు రహదారి మేడ్చల్ మీదుగానే పోతుంది. ప్రతి మజిలీకీ దూరం, నీటి వసతి, దొరికే వస్తువులు అతడు రాసిపెట్టుకున్నట్లే మాస్టారు స్టేషన్ల పేర్లు, సూర్యోదయాస్తమయాలు రాసుకున్నాడు. కాని సెప్టెంబరులో కుమారునికి సెలవు లేదు.

"అయితే జూన్‌లోనే నువ్వూ అబ్బాయీ నార్విక్ వెళ్లిరండి. నేను స్టాక్‌హోమ్‌లో ఉంటాను. అక్కడ ఆలస్యంగానైనా పొద్దు గుంకుతుంది" అన్నాడు భార్యతో.

ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. వంటింట్లో పని ముగించుకొని వచ్చి కూర్చుని అడిగింది. "ఏమండీ, నలభై నాలుగేళ్లుగా మీ పంచపాత్రలో నీళ్లు నేనే పోశాను. అందులో నాకూ ఏదైనా భాగం ఉంటే, ఒక్క సంధ్య నాకివ్వండి."

మాస్టారు ఆ సాయంకాలం చెరువు దగ్గర అర్ఘ్యమిచ్చాక చాలాసేపు లేవలేదు. ఆయన ఎవరికీ చెప్పని విషయం ఒకటున్నది. 59 సంవత్సరాలు, దినానికి మూడు. ఆ సంఖ్య 64,000 దాటింది. ఆయన దానిని మనసులో కూడుతూనే వచ్చాడు. నిత్యకర్మ చేసినందువల్ల స్వర్గాది ఫలమేదీ రాదు, మానితే ప్రత్యవాయం వస్తుంది అని మీమాంసకుల ప్రసిద్ధ వాదం. మానటమనే అభావం నుంచి పాపమనే భావపదార్థం ఎలా పుడుతుందని శంకర భగవత్పాదులు ప్రశ్నించారు. చిత్తశుద్ధియే దాని ప్రయోజనమన్నారు. ఏ పక్షం తీసుకున్నా నిత్యకర్మ కూడబెట్టే సొమ్ము కాదు. నిలవ ఉండని దానిని ఆయన నిలవ పెట్టుకున్నాడు. భార్య దానిలో వాటా అడిగినప్పుడే అది గాదె అయిపోయిందని ఆయనకు తెలిసింది. సంధ్య తప్పుతుందన్న భయం ఎంత, సంఖ్య తెగుతుందన్న భయం ఎంత? విడదీసి చూస్తే రెండోదే పెద్దదిగా కనిపించింది. కర్మ మీది శ్రద్ధకు ఇది కళంకం కాదు. యాభై తొమ్మిదేళ్లు కదలకుండా నిలిచినవానికి మాత్రమే రాగల చిక్కు ఇది. బద్ధకస్థునికి ఈ సంగం అంటదు.

మర్నాడు మేడ్చల్ వెళ్లి, తమ ఇంటి కర్మలు జరిపించే వృద్ధ ఘనపాఠిని కలిశాడు. ఆయన విని నవ్వాడు. "మాస్టారూ, సంకల్పంలో ముందు దేశం చెప్పి, తరువాత కాలం చెబుతాం. దేశం మారితే కాలం మారక ఏం చేస్తుంది? గడియారం చూసుకొని చేయండి. కాలాతీత ప్రాయశ్చిత్తార్ఘ్యం పెద్దలు ఊరికే పెట్టలేదు. సూర్యుడు ఎటు ఉంటే అటే ఇవ్వండి." సముద్రయానం గురించి అడిగితే, బౌధాయనుడు దానిని దోషాలలో లెక్కించిన మాట నిజమేనని ఒప్పుకొని, తన మనవడు టెక్సస్‌లో ఉన్నాడని కూడా చెప్పి ఊరుకున్నాడు.

జూన్ నాలుగో వారానికి రెండు టికెట్లు కాక మూడు కొన్నారు. వీసా పత్రాలు ఇచ్చే రోజున దంపతులు మేడ్చల్ స్టేషన్లో సికింద్రాబాదు వెళ్లే ఎంఎంటీఎస్ కోసం ముందుగానే వచ్చి కూర్చున్నారు. మాస్టారు నోటుపుస్తకం తెరిచాడు. నార్విక్ ఎదుట సూర్యాస్తమయం గడి ఖాళీగా ఉన్నది.

"పంచపాత్ర, ఉద్ధరిణి చేతిసంచిలో పెట్టనిస్తారో లేదో. అక్కడ ఉత్తరానికి తిరిగి సాయంసంధ్య చేయాలేమో" అన్నాడు, తనలో తాను అన్నట్లు.

"మీరు ఎటు తిరిగినా ఫరవాలేదు. పాత్ర పోయినా చెంబు ఉంటుంది, నీళ్లు నేనందిస్తాను" అన్నది ఆమె, పత్రాలు సంచిలో వరుసగా సర్దుతూ. "కుడివైపు కిటికీ సంగతి అబ్బాయికి మళ్లీ ఒకసారి చెప్పండి."