నీళ్ళ మీద మార్కులు

హుస్సేన్ సాగర్ అనగానే మనకి బుద్ధుడి విగ్రహం, వినాయక నిమజ్జనం గుర్తొస్తాయి. అక్కడ తెరచాప పడవల పందాలు జరుగుతాయని, మా చెల్లెలి కూతురు నేర్చుకోవడం మొదలుపెట్టేదాకా, ఇన్నేళ్ళుగా విద్యానగర్‌లో ఉంటున్న నాకే తెలియదు. వానాకాలంలో యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ వాళ్ళు 'మాన్‌సూన్ రెగట్టా' అని పెద్ద పోటీలే పెడతారు.

పిల్లల పడవ పేరు ఆప్టిమిస్ట్. పొడవు 2.36 మీటర్లు, అంటే ఎనిమిది అడుగులు కూడా లేదు. 15 ఏళ్ళ దాకా పిల్లలు ఒక్కళ్ళే నడుపుతారు. నీళ్ళలో గాలి నింపిన పెద్ద పెద్ద బుడగలు లంగరు వేసి ఉంచుతారు. వాటినే మార్కులంటారు. మార్కులంటే మనకి ప్రోగ్రెస్ రిపోర్టులోవేగా తెలుసు! వీటిని చెప్పిన వరుసలో, చెప్పిన పక్కనుంచే చుట్టి రావాలి.

తిన్నగా పోయేటప్పటికంటే మార్కు దగ్గర తిరిగేటప్పుడే పందెం తారుమారవుతుందట. గాలివాటున వచ్చి గాలికి ఎదురు తిరగాల్సిన చోట మరీనూ. మార్కుని ఆనుకుని వెళ్ళి ఒక్కసారిగా చుక్కాని గుంజితే పడవకి బ్రేకు వేసినట్టే. పైగా తిరిగాక పడవ దూరంగా జరిగిపోయి, వెనకవాళ్ళు దూరడానికి సందు ఇస్తుంది. అందుకని కాస్త ఎడంగా మొదలుపెట్టి, తెరచాప తాడు లాక్కుంటూ మెల్లగా తిరిగి, బయటికొచ్చేటప్పుడు మార్కు పక్కనుంచే రావాలి. జాకెట్టు మెడ కుట్టేటప్పుడు మనమూ అంతే కదండీ! వంపు వచ్చాక గుడ్డ గుంజితే ముడత పడుతుంది. ముందునుంచే తిప్పుకుంటూ రావాలి.

మార్కు ఇంకా మూడు పడవల దూరం ఉందనగా లోపలివైపు మన పక్కన ఇంకో పడవ ఉంటే, దానికి చోటు ఇచ్చి తీరాలి. మన పడవ మార్కుకి తగిలిందో, పక్కకి తప్పుకుని ఒక పూర్తి చుట్టు తిరిగి గానీ ముందుకు పోకూడదు. ఎవరో ఈల వేస్తారని చూడకూడదు. తగిలినవాళ్ళే తిరగాలి.

పోయినేడు ఒక పందెంలో మా పిల్ల మూడోదిగా వస్తోంది. మార్కు దాటాక ఉన్నట్టుండి గిర్రున ఒక చుట్టు తిరిగింది. ఒడ్డున ఉన్న మాకేమీ అర్థం కాలేదు. చివరికి ఏడోది వచ్చింది. మా మరిదికి ఉసూరుమనిపించింది. "ఎవరూ చూడలేదు కదమ్మా, వచ్చేయాల్సింది" అన్నాడు.

"చూడకపోతే తగలనట్టా నాన్నా?" అంది అది, తడిబట్టలు పిండుకుంటూ.

ఆయన మరి మాట్లాడలేదు. చెల్లెలు మాత్రం పిల్ల తల తుడుస్తూ నావైపు చూసి నవ్వింది. ప్రోగ్రెస్ రిపోర్టులో లేని ఈ మార్కు మా ఇంట్లో ఎవరం మర్చిపోలేదు.

ఈసారి వానాకాలం పోటీలప్పుడు పిల్లల్ని తీసుకెళ్ళండి. ఎం.ఎం.టి.ఎస్. సంజీవయ్య పార్కు స్టేషన్‌లో దిగితే సాగర్ దగ్గరే. ఫస్టు ఎవరొచ్చారా అని కాదు, మార్కు దగ్గర ఎవరెలా తిరుగుతున్నారో చూడండి.