అవ్వ నాగజెముడు

అవ్వ పోయిన ఏడాదికి అనంతపురంలో ఇల్లు అమ్మేశారు. కొన్నవాళ్లు ప్రహరీ పడగొట్టే ముందురోజు వెళ్లి, గోడ పక్కనున్న నాగజెముడు నుంచి రెండు ఆకులు కోసుకొచ్చా. మనం ఆకులంటాం కానీ అవి నిజానికి కాండాలే. ఆ ఇంటి గుర్తుగా నాకు మిగిలినవి ఆ రెండే.

హైదరాబాద్ వచ్చిన రోజే మొదటిదాన్ని బాల్కనీ కుండీలో నాటేశా. రోజూ ఆఫీసుకెళ్లే ముందు నీళ్లు పోశా. రెండు వారాలకే అడుగు మెత్తబడి, నల్లగా కుళ్లిపోయింది. ఏడుపొచ్చి అమ్మకు ఫోన్ చేశా.

"అవ్వ దానికి నీళ్లు పొయ్యగా ఎప్పుడన్నా చూసినావా?" అంది అమ్మ.

నిజమే, చూళ్లేదు.

కోసిన గాయం పచ్చిగా ఉండగానే తడిమట్టిలో పెట్టడమే నేను చేసిన తప్పు. అందుకే రెండోదాన్ని పాత పేపర్ మీద నీడలో వదిలేశా. పది రోజులకు గాయం ఎండి పెచ్చు కట్టింది. సగం ఇసుక, సగం మట్టి, కాసిని గులకరాళ్లు కలిపి, అడుగున రంధ్రమున్న మట్టి కుండీలో అంగుళం లోతున నిలబెట్టా. రెండు వారాలు చుక్క నీరు పోయలేదు. చెయ్యి ఊరుకుంటుందా! బాటిల్ పట్టుకెళ్లి మళ్లీ వెనక్కి తెచ్చిన రోజులున్నాయి. మూడో వారం నుంచి, మట్టి పూర్తిగా ఎండాకే కాసిని పోశా. నెల దాటాక మెల్లగా కదిపి చూస్తే కదల్లేదు. వేరు పట్టింది!

ఓ ఉదయం పై అంచున గోరంత లేత పచ్చ మొలక. సంబరంతో ఎండలో పెట్టబోయి ఆగిపోయా. నీడకు అలవాటుపడ్డ లేత చర్మం మండుటెండకు మాడిపోతుంది, ఆ మచ్చ ఇక పోదు. మొదట గంటసేపు ఉదయపు ఎండ, తర్వాత కొంచెం కొంచెం పెంచా. మొలక మొదట్లో దూదిలా తెల్లగా కనిపించింది. పిండినల్లి! ఇయర్‌బడ్‌ను స్పిరిట్‌లో ముంచి తుడిచేశా. మీరు పెంచితే మాత్రం పట్టకారుతోనే ముట్టుకోండి. వేళ్లలో దిగిన నూగుముళ్లను సెల్లోటేప్ అంటించి లాగడానికి నాకు ఓ సాయంత్రమంతా పట్టింది.

ఇప్పుడా మొలక నా అరచెయ్యంత అయింది. ఫొటో పంపితే అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెసేజ్ పెట్టింది.

"ఇంకోటి ఏస్తే నాకు కోసుకునిరా. ఒకచోట పోయినా ఇంకోచోట ఉంటాది."