చామంతుల యంగడి యెదుటి దేవాలయము

మా యమ్మాయి చికాగో నగరమున గాపురముండుటచే నాకా యూరు చూచు నవకాశము కలిగినది. అచ్చటి స్టేటు వీథిలో హోలీనేమ్ కెథీడ్రల్ అను ప్రసిద్ధ క్రైస్తవ దేవాలయము కలదు. దానిని జూచివచ్చిన సంగతి సోదరీమణులకు జెప్పవలెనని చాల దినములనుండి యనుకొనుచున్నాను.

1871వ సంవత్సరపు మహాగ్నిలో నగరముతోపాటు పూర్వపు ఆలయమును గాలిపోగా, 1874లో బునాదిరాయి వేసి 1875లో నిప్పటి యాలయమును బ్రతిష్ఠించిరి. శిఖరము 210 అడుగుల యెత్తు. లోపల చల్లని చీకటి. పైనుండి వ్రేలాడుచున్న పెద్ద సిలువ. ఇంకను పైని, కప్పునకు గట్టిన యెఱ్ఱని టోపీలు. అవి గతించిన కార్డినలు గురువులవట. శిథిలమై తమంత తాము రాలువఱకు వాని నెవ్వరును ముట్టరాదట. టోపీ రాలిననాడు ఆ గురువు స్వర్గము జేరినట్లని కొందఱు చెప్పుదురు.

మా మనుమడు పండ్రెండేండ్లవాడు. వానికి శిఖరముతో బనిలేదు, సిలువతో బనిలేదు. ఆలయపు బునాదిరాతిమీద తుపాకిగుండ్ల గాయములున్నవని విని, అవి చూడవలెనని నన్ను లాగికొని వచ్చినాడు. ఎన్నిమాఱులు పూడ్చినను అందొక రంధ్రము మరల దెఱచుకొనునని, చచ్చినవాని యాత్మ దానిని బూడనీయదని అక్కడ గథ. ఇద్దఱమును వంగి వెదకితిమి. తరువాతి మరమ్మతులలో గుర్తులు చాలవఱకు మఱుగుపడినవి. రాతియందలి ప్రతి గుంటయు వానికి గుండుదెబ్బయే! దారిని బోవు వారు మమ్ము జూచి నవ్వుకొనిరి. ఆ పని మీద వచ్చువారు వారికి గ్రొత్త కాదు కాబోలు.

కథ యిది. 1920లో అమెరికాలో మద్యనిషేధ మమలులోనికి వచ్చినది. శాసనముతోపాటు దొంగసారాయు వచ్చినది. (ఈ ముక్క మన స్త్రీలకు విడమఱచి చెప్పనక్కఱలేదు.) చికాగో యుత్తరభాగపు సారాముఠాకు డీన్ ఒబానియన్ నాయకుడు. ఆలయమున కెదురుగా వీథి కావలిప్రక్కన నొక పువ్వులయంగడిలో భాగస్వామి. అంగడి పేరునకు మాత్రమే కాదు. పువ్వుల గూర్చుటలో నతని చేయి మంచిదని వాడుక. పెండ్లిండ్లకును చావులకును ఆ ప్రాంతమువా రక్కడనే పువ్వులు కొనెడివారు. 1924వ సంవత్సరము నవంబరు 10వ తేదీని, సిసిలీవారి పెద్ద యొకడు మరణింపగా నాతని యంత్యక్రియలకై ఒబానియన్ చామంతుల కాడలు కత్తిరించుచుండెను. మువ్వురు లోనికి వచ్చిరి. ఒకడు స్నేహితునివలె చేయి పట్టుకొనెను, తక్కినవారు కాల్చిరి. అతనికి 32 ఏండ్లు. ఆ హత్యకై యెవ్వరికిని శిక్ష పడలేదు.

అతని తరువాత ముఠాను నడపిన హైమీ వీస్, 1926వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీని అదే వీథి దాటుచుండగా, అంగడిప్రక్క మేడగదినుండి మరతుపాకితో గాల్చిరి. అతనికి 28 ఏండ్లు. వానికి దగులక తప్పిన గుండ్లు పోయి దేవాలయపు రాతికి దగిలినవి. దేవుని నామమునకు మోకాళ్లు వంగవలెనని చెక్కిన లేఖనములో గొన్ని యక్షరము లెగిరిపోయినవి. 1929వ సంవత్సరము ఫిబ్రవరి 14వ తేదీని ఆ ముఠావారిని, వారితో సంబంధము గలవారిని గలిపి మఱి యేడుగురిని ఒక మోటారుకొట్టములో గోడకు నిలబెట్టి చంపిరి. వారిలో నొకడు దయ్యమై, ఈ హత్యలు చేయించెనని లోకమనుకొను అల్ కపోనును జెఱసాలలో వెంటాడెనని చెప్పుదురు. 1967లో ఆ కొట్టమును గూల్చివేసినను, అచ్చట గుక్కలు ముందునకు నడువక మొఱుగునట.

దయ్యముల కథలు విన నాకును వేడుకయే. కాని ఆనాడు వేడుక పుట్టలేదు. దయ్యమునకు దల్లి యుండదు, బాల్యముండదు. దానికై యెవ్వరు జాలిపడుదురు? ఒబానియనునకు దల్లి యుండెను. 1901లో, అతనికి తొమ్మిదవయేట, ఆమె క్షయవ్యాధితో మరణించినది. తండ్రి పిల్లలను వెంటబెట్టుకొని చికాగో చేరినాడు. ఆ పిల్లవాడు ఈ దేవాలయమునందే గాయకబృందములో గీర్తనలు పాడినాడు. గాయములకై రాయి తడవువారు పెక్కండ్రు. పాడిన పిల్లవాడు నిలుచున్న చోటెక్కడ యని యడిగినవారి నొక్కరిని నే నక్కడ జూడలేదు.

అతడు చచ్చినపుడు వేలకొలది జనము శవము వెంట నడచిరి. బండ్లకొలది పువ్వులు వచ్చినవి. దేవాలయము మాత్రము తలుపు దీయలేదు. పూజ లేదు, పవిత్రభూమిలో బూడ్చుటకు సెలవు లేదు. గురువులు చేసినది తప్పని నే ననను. అతని మనుష్యులచే జచ్చినవారికిని దల్లులుండిరి గదా. అయినను, చిన్ననాటినుండి యతని నెఱిగిన మల్లాయ్ అను గురువొకడు సమాధియొద్దకు దనంత దానే వచ్చి ప్రార్థనలు చదివి పోయినాడు. కొన్ని నెలలకు శవమును బవిత్రభూమికి మార్చిరి. నాకు ఆ గురువును జూడవలెననిపించినది, దయ్యమును గాదు.

ఇదంతయు మనుమనికి మెట్లమీద గూర్చుండి చెప్పితిని. వాడు గుంటలు లెక్కించుట మానినాడు. కొంతసేపటికి, "పాట పాడి యింటికి వచ్చినపుడు ఆ పిల్లవానికి అన్నమెవరు పెట్టెడివారు, అమ్మమ్మా?" అని యడిగినాడు. తండ్రి యుండెనని చెప్పితిని. "తండ్రి పనికి బోయినపుడో?" అన్నాడు. నేనేమియు జెప్పలేకపోయితిని. ఇద్దఱమును లేచి, రెండడుగుల దూరమున నున్న భూగర్భపు రైలుస్టేషనుకు నడచితిమి.