పరుల యింట మన దీపము



మన పాఠశాలలోని కంప్యూటరులు విండోస్ అను వ్యవస్థతో నడచుచున్నవి. అది మైక్రోసాఫ్టు సంస్థవారి సొత్తు. వారి నిబంధనలకు లోబడి దానిని వాడుకొనుటయే గాని, దాని లోపలి వ్రాతను చదువుటకును మార్చుటకును మనకు హక్కు లేదు. అయినను దానిమీద నడచు ప్రతి ప్రోగ్రామును అట్టిదే కానక్కరలేదు.

మీరు వ్యాసములు వ్రాయు లిబ్రె ఆఫీస్ 2010వ సంవత్సరమున ఓపెన్ ఆఫీస్ నుండి వేరుపడి వెలసినది. దాని సోర్సు కోడు ఎల్లరకును బహిరంగము. మీరు చిత్రములు దిద్దు గింప్‌ను 1995లో ఆరంభించినవారు అమెరికాలోని బర్కిలీ విద్యార్థులగు స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అను నిరువురు. వారును మీవలె విద్యార్థులే యని మరువకుడు.

గడచిన సంవత్సరము తొమ్మిదవ తరగతి బాలుడొకడు, "అయ్యగారూ, దీని ప్రతిని మా యింటికి తీసికొనిపోయిన దొంగతనమగునా?" అని మెల్లగా నడిగెను. వాని తండ్రి కూలిపని చేయువాడు; యింట నెవరో యిచ్చిన పాత కంప్యూటరు కలదు. వెల పెట్టి కొనవలసిన ప్రోగ్రామును అనుమతి లేక ప్రతి చేసికొనుట తప్పే. లిబ్రె ఆఫీస్ అనుమతిపత్రమో, ప్రతిని తీసికొనుటకును పొరుగువాని కిచ్చుటకును హక్కు నొసగుచున్నది. ఈ సంగతి చెప్పగా వాడు సంతోషముతో ప్రతిని గొనిపోయెను. చదువా, నిజాయితీయా యను సంకటము పేదబాలునికి తప్పుట స్వల్పవిషయము కాదు.

"ఇల్లే పరులదైనప్పుడు దీపము మనదైన నేమి లాభము?" అని కొందరందురు. ఆ మాట పూర్తిగా త్రోసివేయదగినది కాదు. విండోస్ 10 వ్యవస్థకు సాధారణ సహాయము 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసెను. పెక్కు పాత యంత్రములు విండోస్ 11కు తగినవి కాకపోయెను. అయితే లిబ్రె ఆఫీస్ లినక్సు మీదను నడచును. అది వాడు ఓపెన్ డాక్యుమెంటు పద్ధతి 2006లో అంతర్జాతీయ ప్రమాణముగా అంగీకరింపబడినది. కావున ఇల్లు మారినను మీ వ్రాతలు మీవెంట వచ్చును.

ఒక హెచ్చరిక. వెల లేనిదెల్ల స్వేచ్ఛ గలది కాదు. అనుమతిపత్రమును చదివి తెలిసికొనుడు. ప్రోగ్రామును చేసినవారి స్థానమునుండియే దింపుకొనుడు. తెలియని చోటులకు పోవలదు.

తలిదండ్రులారా, పిల్లలకై ప్రోగ్రాములు కొనుటకు ముందు ఒక్కసారి పాఠశాలకు వచ్చి విచారింపుడు. కావలసిన ప్రతిని సంతోషముతో నిచ్చి, నడుపు విధమును చూపెదము.